శనివారపు తాబేలు

ఏలూరు,
జూన్ 15.

మావయ్య గారికి,

ఉదయ నమస్కరించి రాస్తున్నది. ఉత్తరమేమిటి, ఫోను లేదా అని మీరు అనేలోపే చెబుతున్నాను. మీతో ఫోన్లో మాట్లాడాలంటే మీరు స్పీకరు పెట్టాలి, లేకపోతే మీకు వినపడదు. స్పీకరు పెడితే తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు అంతటికీ వినపడుతుంది. పోయినసారి నాకు జ్వరం వచ్చిన సంగతి అత్తయ్యకు మీకంటే ముందు పక్క కొట్టువాళ్లు చెప్పారు. అందుకని ఇకనుంచి మనకు ఉత్తరాలే.

నేను సర్వే కంపెనీలో డ్రోన్ ఎగరేస్తున్నానని మీకు తెలుసు కదా. చింతలపూడి వైపు ఆయిల్‌పామ్ తోటల్లో చెట్లెన్ని ఉన్నాయో పైనుంచి లెక్కపెట్టడం మా పని. ఇప్పుడు కంపెనీకి ఇంకో పని వచ్చింది. కొల్లేరు నీళ్లను సముద్రానికి తీసుకుపోయే ఉప్పుటేరులో చేపలు ఎన్ని ఉన్నాయో అలాగే పైనుంచి చూసి చెప్పాలట. డ్రోన్ ఒక్కటే ఉంది కాబట్టి చేపల వంతు శనివారం వచ్చింది. లెక్కపెట్టే ప్రోగ్రాము కూడా చెట్లదే. చెట్టు కదలదు కాబట్టి, ఒకచోట చూసింది ఇంకోచోట కనపడితే అది వేరేదని దాని నమ్మకం. చేప కదులుతుంది కదండీ అని మా మేనేజరు శ్రీనాథ్ గారితో అన్నాను. దాన్ని సవరణలో చూసుకుందాం అన్నారు. మా ఇంట్లో ఎవరికీ చేపల పేర్లు కూడా తెలియవండీ, మేం తినం, అని కూడా చెప్పాను. మరీ మంచిది, ఏ చేప మీదా పక్షపాతం ఉండదు అన్నారు.

నవ్వకండి, ఇందులో ఒక పెద్ద చిక్కు ఉంది. కలిదిండి వైపు గట్టు మీద శామ్యూల్ గారని చేపలు పట్టేవాళ్ల పెద్ద ఉన్నారు. సర్వేకి పడవ ఆయనదే. ఏట్లో చేప తగ్గిపోయిందని నిరుడు వాళ్లంతట వాళ్లే వలలు అటకెక్కించి, చెరువుల మీద కూలికి పోతున్నారు. మా లెక్క తక్కువ వస్తే ఇంకో రెండేళ్లు ఏట్లో ఎవరూ వల వేయకూడదు, చేప పెరుగుతుంది. ఎక్కువ వస్తే ప్రభుత్వం వాళ్లు పెద్ద వలలున్న కాంట్రాక్టరెవరికో ఏట్లో ఆ మేరంతా ఇచ్చేస్తారు. వాడు ఊడ్చుకుపోతాడు.

ప్రస్తుతానికి లెక్క సున్నా. డ్రోన్ నీడ పడగానే గద్ద వచ్చిందనుకుని చేపలన్నీ అడుక్కి పోతున్నాయి. నీళ్లు మసక, అడుగున ఏముందో కనపడదు. శ్రీనాథ్ గారు తల పట్టుకు కూర్చున్నారు.

అత్తయ్యకు నమస్కారాలు.

మీ ఉదయశ్రీ


తాడేపల్లిగూడెం,
జూన్ 22.

చిరంజీవి ఉదయకు మావయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ కొట్టు ముందు నిలబడి, కళ్లజోడు లేదు కదా, చదివి పెట్టమంటారా అన్నాడు. చుట్టూ నలుగురున్నారు. వద్దన్నాను. నీ రహస్యాలు భద్రం.

సున్నా వస్తే వచ్చింది, దానికేం. నాకు నచ్చని సంగతి వేరే ఉంది. నోరులేని జీవాన్ని పైనుంచి బెదిరించడం ఏమిటమ్మా? పట్టి తినేవాడి పాపం వాడు చూసుకుంటాడు. తినని ఇంటి పిల్లవి, ఊరికే హడలగొట్టి ఆ పాపం నువ్వెందుకు మూటగట్టుకోవాలి? నీకు గ్రహస్థితి కూడా అంత బాగా లేదు. శనికి చేపలకు తిండి పెట్టాలంటారు. పెట్టకపోగా శనివారం పూటే వాటి మీద గద్దను వదులుతున్నావు.

నేను తవుడు, గానుగ చెక్క అమ్ముకుని బతికేవాణ్ణి. కలిదిండి చెరువుల వాళ్లందరికీ చేపల మేత వెళ్లేది మన కొట్టు నుంచే. కాబట్టి చేపల మనసు నీకంటే నాకు కాస్త తెలుసు. కడుపు నిండిన చేప దేనికీ బెదరదు.

ఇంతకీ నువ్వు డ్రోను ఎగరేసేది శనివారం ఎన్ని గంటలకు, ఏ రేవు దగ్గర? ఊరికే అడుగుతున్నాను. ఆ వేళకు ఇక్కడ గుళ్లో నీ పేరున దీపం పెట్టిస్తాను.

మీ అత్తయ్య నీకు కందిపొడి పంపమంటోంది. బస్సు మీద పంపుతాను.

మావయ్య
పట్టాభిరామయ్య


ఏలూరు,
ఆగస్టు 10.

మావయ్య గారికి,

నేను వేళ, రేవు పేరు రాసి పంపాక మీరు పెట్టించిన దీపం మామూలు దీపం కాదు. ఏం చెప్పమంటారు, మా ఆఫీసులో నన్నిప్పుడు కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు.

జూలై మొదటి శనివారం నాలుగు చేపలు పైకొచ్చాయి. ఆ తర్వాతి వారం నీళ్లు కుతకుతా ఉడికినట్టు కనపడ్డాయి. ఇప్పుడు డ్రోన్ చప్పుడు వినపడితే చాలు, ఏట్లో ఉన్న బొచ్చెలూ శీలావతులూ అన్నీ తల పైకెత్తి నోళ్లు తెరుచుకుని వస్తున్నాయి. పేర్లు శామ్యూల్ గారు చెప్పారు. వచ్చి ఊరుకోవు. డ్రోన్ ఎటు పోతే అటు వెంటపడి వస్తాయి. నేను రేవు నుంచి వంతెన దాకా ఎగరేస్తే వంతెన దాకా వస్తాయి. ప్రోగ్రామేమో పది చోట్ల పది ఫొటోలు తీసి, పది చోట్లా వేరువేరు చేపలని లెక్కగట్టేసింది. చెట్ల బుద్ధి ఎక్కడికి పోతుంది. పైన ఒక చేప కనపడితే కింద ఇన్ని ఉంటాయని ఇంకో హెచ్చవేత ఉంది. అదీ చేసి చూస్తే ఆ మేరలో నీళ్ల బరువు కంటే చేపల బరువు ఎక్కువ వచ్చింది. శ్రీనాథ్ గారు, కొంచెం తగ్గించి, నీళ్లతో సమానమని రాద్దాం అన్నారు.

డ్రోన్‌ను చేపలు ఎందుకు ఇష్టపడుతున్నాయన్న దాని మీద ఆయన ఒక వ్యాసం కూడా రాస్తున్నారు. తూనీగ అనుకుంటున్నాయని ఆయన వాదన.

ఇంకో వింత. కంప్యూటరు రెండు వారాలుగా రేవు పక్కన గట్టు మీద ఒక తాబేలును గుర్తిస్తోంది. నల్లది, గుండ్రటిది, మనిషి చేతులు చాపినంత వెడల్పు ఉందట. పెంకు మీద తెల్ల మచ్చలు. శనివారమే కనపడుతోంది. మేం ఎగరేసేదీ శనివారమే కదా, అందులో వింతేముంది అన్నారు శ్రీనాథ్ గారు.

శామ్యూల్ గారు మాత్రం నన్ను చూసి నవ్వి ఊరుకుంటున్నారు. లెక్క ఇలా పెరిగిపోతుంటే ఆయన దిగులు పడాలి కదా, నాకే భయంగా ఉంది.

మీ ఉదయశ్రీ


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 19.

చిరంజీవి ఉదయకు,

చేపలు నోళ్లు తెరుచుకుని వస్తున్నాయని రాశావు. చాలా సంతోషించాను. పైనుంచి చూస్తే ఎలా ఉన్నాయి, లావెక్కాయా? ముక్కు దగ్గర తెల్ల మచ్చ ఉన్న పెద్ద బొచ్చె ఒకటి ఉండాలి, అదీ వస్తోందా? ఉండాలని ఎవరో అనగా విన్నాను.

తాబేళ్ల గురించి నాకు తెలియదు. దాన్ని అంతగా పట్టించుకోవద్దు. తాబేలు అన్నాక గట్టెక్కి కాసేపు కూర్చుంటుంది. దాని దారిన దాన్ని పోనివ్వండి.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. వ్యాపారం మామూలే. గుళ్లో దీపం తప్పకుండా పెట్టిస్తున్నాను.

మావయ్య

అమ్మా ఉదయా, కింద రాస్తున్నది మీ అత్తయ్య రత్నాంబ. ఈ కాగితం కవరులో పెట్టమని నా చేతికిచ్చి ఆయన స్నానానికి వెళ్లారు. ఏ గుడీ లేదు, ఏ దీపమూ లేదు. శనివారం పొద్దున్నే కొట్టు మూసి కలిదిండి బస్సెక్కుతున్నారు. వెళ్లేముందు వంటింట్లో కూర్చుని తవుడులో బెల్లం, చెక్క కలిపి ఉండలు కడతారు. నాకు చేతులు నొప్పులన్నా ఇన్నేళ్లలో ఒక్క లడ్డూ కట్టిపెట్టని మనిషి. సాయంత్రం పంచె బురద చేసుకుని, నవ్వుకుంటూ వస్తారు. ఈ వయసులో అక్కడెవరున్నారమ్మా? నువ్వు ఆ వైపు తిరుగుతుంటావు కదా, కాస్త కనుక్కుని రాయి. నేనేమీ గొడవ చేయను, ఎవరో తెలిస్తే చాలు.


ఏలూరు,
సెప్టెంబరు 14.

మావయ్య గారికి,

ఈసారి క్షేమసమాచారాలు రాయడం లేదు, ఒళ్లు మండుతోంది.

నిన్న ఆ తాబేలు మీదకి డ్రోన్‌ను బాగా కిందికి దించాను. పెంకు మీద తెల్ల మచ్చలు దగ్గరికొచ్చేసరికి అక్షరాలయ్యాయి. ‘పట్టాభిరామయ్య, తవుడు, చెక్క, తాడేపల్లిగూడెం’ అని చదువుకున్నాను. లోకంలో గొడుగు పైన కొట్టు పేరు రాయించుకునే మనిషి మీరొక్కరే. దాని కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి ముద్ద విసిరింది. ఏరంతా అటు తిరిగింది.

డ్రోన్ వచ్చే వేళకే తిండి వేస్తే చేపలకు ఏం తెలుస్తుంది మావయ్యా, డ్రోన్ చప్పుడంటే అన్నం గంట అనుకున్నాయి. తూనీగా లేదు, ఏమీ లేదు. పది చోట్లా ఉన్నవి మీరు మేపిన ఆ ఒక్క గుంపే. ఆ లెక్క పై అధికారులకు వెళ్లిపోయింది. చేప పుష్కలంగా ఉంది కాబట్టి ఆ మేరను జనవరిలో కాంట్రాక్టరుకు ఇవ్వాలని నిర్ణయించారట. పెద్ద వలలు దిగుతాయి. ఆ తెల్ల మచ్చ బొచ్చె అన్నిటికంటే ముందు ఆ వల దగ్గరకే నోరు తెరుచుకుని వస్తుంది, మీరే వచ్చారనుకుని.

నేను ఊరుకోలేదు. శ్రీనాథ్ గారి దగ్గరికి వెళ్లి, లెక్క తప్పండీ, మా మావయ్య తిండి వేస్తున్నారు అని చెప్పాను. గొడుగు ఫొటో చూపించాను. ఆయన రిపోర్టు అటూ ఇటూ తిప్పి చూసి, మావయ్యకు ఇందులో కాలమ్ లేదండీ అన్నారు. నీటి లోతు ఉంది, ఉష్ణోగ్రత ఉంది, మావయ్య లేడు. గొడుగని రాసి ఇస్తే, కంప్యూటరు తాబేలన్నదాన్ని మనం గొడుగనకూడదని ఆ కాగితం వెనక్కిచ్చేశారు.

శామ్యూల్ గారికి మొదటినుంచీ తెలుసట. పెద్దాయన సరదా పడుతున్నారు కదాని కూర్చోవడానికి ముక్కాలిపీట కూడా ఇచ్చారట. లెక్క మీద దీని దెబ్బ పడుతుందని ఆయనా అనుకోలేదు. ఇప్పుడు వాళ్ల పేటలో ఎవరి మొహానా నెత్తురుచుక్క లేదు.

ఎందుకు చేశారు?

ఉదయశ్రీ

అత్తయ్యకు చెప్పండి, అక్కడ ఎవరూ లేరు, చేపలే.


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 20.

అమ్మాయి ఉదయకు,

నీ ఉత్తరం చదివి నిన్నటినుంచి అన్నం సయించడం లేదు. ఎందుకు చేశారని అడిగావు, చెబుతాను.

మొదటిసారి నీ పాపం కడగడానికే వెళ్లాను, అబద్ధం చెప్పను. నీ డ్రోను రాగానే అవి హడలిపోతాయి కదా, ఆ వేళకు నాలుగు ముద్దలు వేస్తే ధైర్యం వస్తుందనుకున్నాను. కానీ రెండోసారి, మూడోసారి వెళ్లింది నీ కోసం కాదు, నా కోసం. నేను ఇన్నేళ్లుగా చేపను మేపుతున్నాను. చెరువుల వాళ్లు నా తవుడు సంచులకు చిల్లులు పెట్టి నీళ్లలో కర్రలకు కడతారు, చేపలొచ్చి మూతులు ఆనించి తింటాయి. తిన్న ప్రతి చేపా లారీ ఎక్కుతుంది. మనం చేప తినమని గొప్పగా చెప్పుకుంటాం, మన పొయ్యి మీద ఉడికేదంతా దాని మీద వచ్చిందే. తిని, తోక ఊపి, తన దారిన తను పోయే చేపను ఒక్కసారి చూడాలనిపించింది. చూశాక మానలేకపోయాను. అవి నన్ను గుర్తుపట్టాయే. ఈ ఊళ్లో నేను అప్పు ఇవ్వనంటే నన్ను గుర్తుపట్టేవాడు లేడు.

ఇప్పుడు నా చేత్తోనే వాటిని లారీ ఎక్కిస్తున్నానంటావు.

ఊరుకుంటానా? ఇవాళ వకీలు దగ్గరకు వెళ్లాను. స్టాంపు కాగితం మీద ఒక ప్రమాణపత్రం రాయించాను. తాడేపల్లిగూడెం కాపురస్తుడనైన పట్టాభిరామయ్య అను నేను తాబేలును కానని, సదరు శనివారములలో గట్టుపై కనపడినది నా గొడుగు అని, చేపలు నా తవుడు తిన్నవని, నా పూర్తి స్పృహతో రాసిచ్చాను. వకీలు రెండుసార్లు స్పృహలోనే ఉన్నారా అని అడిగాడు. సోమవారం గొడుగుతో సహా మీ ఆఫీసుకు వస్తున్నాను. కాలమ్ లేకపోతే గీయమంటాను.

మీ అత్తయ్యకు సంగతంతా చెప్పాను. ఎవరూ లేనందుకు సంతోషించింది. తర్వాత చేపలకు కట్టిన ఉండలు తనకెందుకు కట్టలేదని మాట్లాడటం మానేసింది.

మావయ్య


ఏలూరు,
అక్టోబరు 9.

మావయ్య గారికి,

ఆ రోజు మిమ్మల్ని ఆఫీసు మెట్ల మీదే ఆపి, గొడుగు లాక్కుని, తిరుగు బస్సెక్కించినందుకు క్షమించండి. లోపల ఎవరున్నారో అప్పుడు చెప్పే వ్యవధి లేకపోయింది. హర్షిణి గారని తాబేళ్ల మీద పరిశోధన చేసే ఆవిడ. మన తాబేలు కోసం వచ్చారు.

ఆవిడ మంచి మనిషి, పని అంటే ప్రాణం. కంప్యూటరు ఇచ్చిన బొటనవేలంత ఫొటో చూసి, పెంకు మీద ఎనిమిది భాగాలు సమంగా ఉన్నాయి, ఇలాంటిది ఎక్కడా లేదు అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అది గొడుగండీ, ఎనిమిది ఊచలండీ అని నేను ఆవిడతోనూ చెప్పాను. ప్రతి చోటా స్థానికులు మొదట ఇలాగే కొట్టిపారేస్తారని నా భుజం తట్టారు. శామ్యూల్ గారిని పిలిచి అడిగారు. ఆయన బైబిలు మీద చెయ్యి వేసినంత నిజం చెప్పారు. “శనివారమే వస్తుందండి. తెల్ల పంచె కట్టుకుని వస్తుందండి. ముక్కాలిపీట మీద కూర్చుంటుందండి. మజ్జిగ ఇస్తే తాగుతుందండి,” అన్నారు. ఆవిడ అంతా రాసుకున్నారు. కింది భాగం తెల్లగా ఉంటుంది, ఎత్తైన చోటు కోరుకుంటుంది, మనుషులకు చేరువ అని.

ఇక అసలు సంగతి. ఇంత అరుదైన జీవి ఉందో లేదో తేలేవరకు ఆ మేరలో ఎవరూ వల దించకూడదని ఆవిడ రాయించారు. జనవరి కాంట్రాక్టు ఆగింది. లేదని తేల్చాలంటే అదేమిటో తెలియాలి. ఏమిటో తెలియాలంటే దొరకాలి. దొరికేదాకా వెతుకుతారు.

మీకు అర్థమైంది కదా మావయ్యా. మీరు ఒక్క శనివారం గట్టు మీద కనపడ్డారంటే అది గొడుగని తేలిపోతుంది. తాబేలు పోయి చేపల లెక్క మిగులుతుంది. మీరు రాకపోతే, తిండి లేక చేపలు మెల్లగా డ్రోన్ వెంట రావడం మానేస్తాయి. లెక్క దానంతటదే దిగుతుంది. దిగితే రెండేళ్లు వల పడదు, ఇక తాబేలు లేకపోయినా ఫర్వాలేదు.

ఇంకెప్పుడూ రావద్దు. దూరంనుంచి కూడా వద్దు. ఇది చెప్పడానికి ఇంత పొడుగు ఉత్తరం రాశాను.

మీ ఉదయశ్రీ


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 20.

అమ్మాయి ఉదయకు,

సరే. రాను.

మొన్న శనివారం కలిదిండి బస్సు ఎక్కి కూర్చున్నాను, నీ దగ్గర దాచడమెందుకు. గొడుగు లేదు, నువ్వు లాక్కున్నావు. గొడుగు లేకపోతే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. డ్రైవరు వచ్చేలోపే దిగిపోయాను. ఒళ్లో ఉండల డబ్బా చూసి పక్కన కూర్చున్నాయన, పెళ్లికా అండీ అన్నాడు. అవునన్నాను.

మిగిలిన తవుడు బస్తా ఒకటి శామ్యూల్ గారి పడవలో ఉండిపోయింది. వాళ్ల పశువులకు వాడుకోమను.

అవి పైకొచ్చి చూస్తున్నాయా? నోళ్లు తెరుచుకునే ఉంటున్నాయా? వద్దులే, రాయకు. లేదు, రాయి. అన్నీ అయ్యాక ఒకేసారి రాయి.

మావయ్య


ఏలూరు,
డిసెంబరు 21.

మావయ్య గారికి,

అన్నీ అయ్యాక రాయమన్నారు. అయ్యాయి.

మీరు మానేసిన మొదటి శనివారం అన్నీ వచ్చాయి. రేవు నుంచి వంతెన దాకా, మళ్లీ వంతెన నుంచి రేవు దాకా నా వెంటే తిరిగాయి. రేవు దగ్గర, మీ పీట ఉన్న చోట, చాలాసేపు ఆగాయి. తెల్ల మచ్చ బొచ్చె అన్నిటికంటే ముందుంది. నేను రిమోటు కింద పెట్టేసి, పడవలో ఉన్న తవుడు బస్తా మూతి విప్పబోయాను. శామ్యూల్ గారు లేచి వచ్చి ఆ బస్తా మీద కూర్చున్నారు. ఎగరేసినంతసేపూ లేవలేదు.

ఆ తర్వాత సగమే వచ్చాయి. దీపావళి తర్వాత పదో, పన్నెండో. పోయిన వారం బొచ్చె ఒక్కటే వచ్చి, డ్రోన్ కింద ఒకసారి తిరిగి, వెళ్లిపోయింది. నేను దించకుండా చాలాసేపు అక్కడే ఎగరేశాను, బ్యాటరీ అయిపోయేదాకా.

నిన్న ఒక్క చేపా పైకి రాలేదు. నీడ పడగానే ఎక్కడివక్కడ అడుక్కి పోయినట్టున్నాయి. ఏరంతా వట్టి నీళ్లే. ప్రోగ్రాము సున్నా అంది. శ్రీనాథ్ గారు తూనీగ వ్యాసం చింపేశారు. రెండేళ్లు వల వేయకూడదని కాగితం వచ్చింది. శామ్యూల్ గారి పేటలో అందరికీ పాయసం చేసి పంచారు, మీ తవుడు బస్తాలో దొరికిన బెల్లంతోనే. హర్షిణి గారు వెళ్లిపోతూ, అది మహా సిగ్గరి జాతి అని రాసి వెళ్లారు.

నేను గెలిచినట్టే ఉంది, మరి ఎందుకో గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

అవి మిమ్మల్ని మరిచిపోయాయి మావయ్యా. బతికిపోయాయి.

మీ ఉదయశ్రీ


తాడేపల్లిగూడెం,
డిసెంబరు 27.

చిరంజీవి ఉదయకు,

నీ ఉత్తరం అందింది. కొట్లో చదవలేదు, ఇంటికి తెచ్చుకుని మీ అత్తయ్యకు చదివి వినిపించాను. మరిచిపోయాయన్న చోట కళ్లజోడు మసకేసింది. మిగతాది ఆవిడే చదివింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఇద్దరం సున్నుండలు కట్టాం. నాకు చెయ్యి తిరిగిందంటోంది. బస్సు మీద పంపుతున్నాను, శామ్యూల్ గారికి కూడా ఇవ్వు.

అంతా మంచే జరిగింది. నువ్వు ఏడవకు.

శనివారాలు ఇప్పుడు కొట్టు తెరిచే ఉంచుతున్నాను.

మావయ్య